ఆమె కబురు నా నంబరుకు వచ్చింది

ఆవిడతో నాకు ఎప్పుడూ పడలేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు కాబట్టి ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఆవిడకీ నేనంటే గిట్టదు. గిట్టకపోవడానికి ఆవిడ దగ్గర గట్టి కారణం ఉంది. నా దగ్గర లేదు.

పోయిన నెల విజయ నుంచి మెసేజు వచ్చింది. షార్జాలో మేమంతా ఒకే ఫ్లాటులో ఉన్నప్పుడు విజయది నా పక్క మంచం. "అది పోయిందంట. ఆ జబ్బుతోనే" అని రాసింది. ఎవరో రాయలేదు. రాయక్కర్లేదు కూడా. తెలిసినవాళ్ళ ద్వారా వాళ్ళ ఊరికి ఫోన్ చేయించి కనుక్కున్నాను. మందులు వేళకి వేసుకుంటూ, రోజూ పనికి పోతూ, నిక్షేపంగా ఉన్న మనిషిని ఏటిగట్టు మీద వెనక నుంచి ఇసుక ట్రాక్టరు గుద్దింది. ఆ సంగతి విజయకి రాశాను. "ఏదైతేనేం, పోవాల్సిందేగా" అని జవాబిచ్చింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆవిడ సంగతి ఒకసారి నా నోట్లోంచి బయటికి పోయింది. అది చాలు.

షార్జాలో రోలా అనే పేటలో, బస్టాండు వెనక సందులో, మూడో అంతస్తులో ఉండేది మా ఫ్లాటు. కాకినాడ నుంచి వచ్చిన ఆంటీ పేరు మీద ఉండేది. మిగతా అయిదుగురం తలా ఒక మంచానికి అద్దె కట్టుకుని ఉండేవాళ్ళం. అందరం ఆడవాళ్ళమే, అందరం గోదావరి జిల్లాల వాళ్ళమే. నేను టైపింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. వీసా కాగితాలు, మెడికల్ దరఖాస్తులు కంప్యూటర్లో నింపిపెట్టే దుకాణం అది. ఆవిడ ఒక క్లీనింగ్ కంపెనీ వీసా మీద ఉండేది. తెల్లవారకముందే కంపెనీ వ్యానెక్కి ఆఫీసులు తుడవడానికి వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేది. వచ్చీ రాగానే మా అందరికీ వంట మొదలుపెట్టేది. వంట ఆవిడకి మేమెవరం అప్పగించలేదు. ఆవిడే లాక్కుంది. మొదటి రోజు ఆంటీ చేతిలో గరిటె తీసుకుని, "ఏవండీ, ఇది పప్పా, గోడకేసే సున్నమా?" అందట. అప్పటి నుంచి వంటిల్లు ఆవిడదే.

నలభై దాటిన మనిషి. పొట్టి. నైటీ మీద తువ్వాలు, తువ్వాలు అంచున పసుపు మరక. నడుస్తుంటే ముందు మోచేతులు వచ్చేవి, తర్వాత మనిషి వచ్చేది. ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు. బ్యూటీపార్లర్లో పనిచేసే విజయ రంగుల పిల్ల. నేను కాయితాల పిల్ల. ఆంటీని మాత్రం 'ఏవండీ' అనేది, అదీ తిట్టినట్టే ఉండేది.

కూరలో ఉప్పు చూసేది కాదు. చాల్లేదని ఎవరైనా అంటే, "నాలిక కడుక్కుని రా" అనేది. పళ్ళెంలో మెతుకు మిగిలితే నెత్తి మీద నిలబడేది. "నీళ్ళు కూడా కొనుక్కుని వండానే. తిను." తినేదాకా కదిలేది కాదు. ఆవిడ నవ్వగా నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఎవరో జారిపడ్డారు.

మొదటి వీసా మీద వచ్చి షార్జా పక్కనే ఉన్న అజ్మాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో ఏడేళ్ళు పనిమనిషిగా చేసింది. ఆవిడకి వచ్చిన అరబ్బీ అంతా ఆ ఇంటిదే. తే, తియ్యి, పో, తొందరగా, అయిపోయిందా. ఆ మాటలే మా మీద ప్రయోగించేది. "నీకు అరబ్బీ బాగానే వచ్చే అక్కా" అని ఒకసారి అన్నాను.

"నాతో ఏం మాట్లాడారో అదే వస్తాది. బాగున్నావా అని అడిగినోళ్ళు లేరు. ఆ మాట రాదు" అంది, ఉల్లిపాయ తరుగుతూ.

నేను జాలిపడి ఊరుకుంటే, "ఏంటలా చూస్తావ్, ఎల్లిపాయలు ఒలువు" అని గసిరింది. ఆవిడ మీద జాలి కూడా నిలబడనిచ్చేది కాదు.

మా ఇద్దరికీ పెద్ద గొడవ ఎండు మెత్తళ్ళ దగ్గర వచ్చింది. నా ఆఫీసు బట్టలకి చేపల వాసన వస్తోందని ఆంటీకి ఫిర్యాదు చేశాను. మర్నాడు పని నుంచి వచ్చేసరికి నా కుర్తాలు మూడూ ఉతికి, వంటింట్లో పొయ్యికి పైన తాడు కట్టి ఆరేసి ఉన్నాయి. కింద మూకుట్లో మెత్తళ్ళు వేగుతున్నాయి. ఆవిడ గరిటె తిప్పుతూ నా వైపు చూడను కూడా లేదు. వారం రోజులు మేం మాట్లాడుకోలేదు. అన్నం మాత్రం పెట్టింది. నేను తిన్నాను.

తర్వాత కరోనా వచ్చింది. ఫ్లాటులో మొదట తగిలింది నాకే. ఆంటీ బాల్కనీలో పరుపు వేయించి, గాజు తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది. విజయ తలుపు అవతల నుంచి చెయ్యి ఊపేది. ఎండాకాలం, షార్జా బాల్కనీ. ఏసీ మెషీన్లు వదిలే వేడి గాలి నా మొహాన కొట్టేది. గడియ తీసింది ఆవిడే. మూతికి తువ్వాలు కట్టుకుని, మిరియాల చారు గిన్నెతో వచ్చి నా పరుపు పక్కన కూలబడింది.

"అక్కా, దగ్గరికి రాకు, నీకూ అంటుకుంటుంది" అన్నాను.

"అంటుకుంటే అంటుకుంటాది. నువ్వు సస్తే మాత్రం ఇక్కడ సావకు. శవాన్ని ఊరికి పంపించే కాయితాలు రాసేది నువ్వే కదా, మాకెవరికీ రావు. తాగు."

రోజుకు మూడుసార్లు వచ్చేది. ప్రతిసారీ తిట్టేది. తడిగుడ్డ మార్చేది, మళ్ళీ తిట్టేది. పదో రోజున నేను లేచి గోడ పట్టుకుని నడిస్తే, "ఇంక నీ గిన్నె నువ్వే తోముకో" అని వెళ్ళిపోయింది. ఆ పది రోజుల గురించి నేను కృతజ్ఞతలు చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒకటి అని మూయించేది. ఇది నా సాకు అని కూడా నాకు తెలుసు.

మరో ఏడాది దాటాక ఆవిడ రెండు నెలలు సెలవు మీద ఊరెళ్ళి వచ్చింది. ఆపై ఏడాది వీసా రెన్యువల్‌కి వచ్చింది. రెన్యువల్ అంటే మెడికల్ ఉంటుంది. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, చేతికి సూది గుచ్చి రక్తం తీస్తారు. రక్తంలో ఆ జబ్బు కనబడితే వీసా పోతుంది. మనిషిని ఇంటికి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు. మాలాంటివాళ్ళకి గుండె జబ్బు కన్నా, కిడ్నీ జబ్బు కన్నా ఆ సూది అంటేనే భయం. ఆ పరీక్ష తప్పించే దారి ఏమైనా ఉందా అని మా కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగినవాళ్ళు ఎంతమందో. దారి లేదని చెబితే కొందరు వీసా వదిలేసి, దొంగతనంగా ఉండిపోయి, ఏ డాక్టర్ దగ్గరికీ పోకుండా లోపలే ముదరబెట్టుకునేవారు.

ఆవిడ దరఖాస్తు నేనే నింపాను. ఫోన్ నంబరు గడి దగ్గర ఆగితే, "నీ నంబరు వెయ్యవే. నాకా ఇంగ్లీషు మెసేజులు తెలవ్వు. కంపెనీవోడి నంబరు వేస్తే ఆడు నాలుగు రోజులకి గానీ చెప్పడు" అంది. నా నంబరే వేశాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆ మెసేజు వచ్చింది. మళ్ళీ వచ్చి రక్తం ఇవ్వమని ఉంది. ఇంకేమీ లేదు. కానీ ఆ కుర్చీలో అప్పటికే ఆరేళ్ళుగా కూర్చుంటున్నాను. రక్తానికి రెండోసారి రమ్మన్నవాళ్ళలో చాలామంది మళ్ళీ మా కౌంటర్‌కి రాలేదు. వాళ్ళ వీసా రద్దు కాగితాలు మాత్రం టైపు చేయడానికి వచ్చేవి.

ఆవిడకి ఫోన్ చేయాలి. చేయలేదు. విజయకి చేశాను.

"అక్కని మళ్ళీ రక్తానికి రమ్మన్నారే" అన్నాను.

"అంటే?" అంది విజయ.

నేను మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడంతోనే విజయకి అర్థమైపోయింది.

నేను బీఎస్సీ చదివాను. ఆ జబ్బు ఎలా అంటుకుంటుందో, ఎలా అంటుకోదో అయిదు మార్కుల ప్రశ్నకి రాసి నాలుగున్నర తెచ్చుకున్నదాన్ని. పళ్ళెం వల్ల రాదు, గరిటె వల్ల రాదు, ఒకే బాత్రూం వాడితే రాదు. నాకు తెలుసు. తెలిసీ, ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని, ఆవిడ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడెయ్యడం. అన్నంతో సహా, డబ్బాతో సహా.

తలనొప్పి అని చెప్పి ముందే బయల్దేరి ఫ్లాటుకి వచ్చాను. లిఫ్ట్ పక్కన నల్లటి చెత్త సంచులు మూడు ఉన్నాయి. కుక్కర్, మూకుడు, గరిటెలు, పళ్ళేలు, ఆవిడ దుప్పటి, ఆవిడ దిండు. లోపల ఆంటీ చేతులకు తొడుగులు వేసుకుని వంటింటి గట్టు మీద డెట్టాల్ కుమ్మరిస్తోంది. విజయ ఆవిడ మంచం చుట్టూ పాముని కర్రతో పొడిచినట్టు చీపురుతో పొడుస్తోంది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

ఆవిడ అయిదింటికి వచ్చింది. సంచులు చూసింది. ఒక సంచి మూతి విప్పి, కుక్కర్ చూసి, మళ్ళీ కట్టేసింది. గుమ్మంలో నిలబడింది. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. ఆంటీ అడ్డంగా నిలబడింది, అంతే.

ఆవిడ అందరినీ వదిలేసి నన్నే చూసింది.

"నా మెసేజు వచ్చిందా?"

"వచ్చిందక్కా."

"ఏమనుంది?"

"రేపు మళ్ళీ రక్తం ఇవ్వమని."

"అంతేనా?"

"అంతే."

"మరి నాకంటే ముందు ఈళ్ళకెలా తెలిసింది?"

విజయ అందుకుంది. "మా ప్రాణాల మీదికి తెచ్చి మళ్ళీ మమ్మల్ని అడుగుతావేంటి? ఇన్నాళ్ళూ నీ చేతి కూడే తిన్నాం. మాకూ మెడికల్ ఉంటది. మాకొస్తే ఎవడు దిక్కు? పోయిన మెడికల్ పాసయ్యావుగా, ఈ రెండేళ్ళలో ఎక్కడ తెచ్చావ్?"

ఆంటీ విజయని ఆపి, గొంతు మెత్తగా చేసుకుంది. ఆంటీ ప్రతి వారం ప్రార్థనకి వెళ్ళే మనిషి. "నిజం చెప్పమ్మా. సెలవుకి ఎళ్ళినప్పుడు మీ ఆయన వల్లే కదా? అలాగైతే నీ తప్పేం లేదు. పాపం అనుకుంటాం. ఏదో ఒకటి చూద్దాం."

మేమంతా అవునంటుందని ఎదురుచూశాం. అవునంటే మాకు తేలికయ్యేది. ఒక్క మాటతో ఆవిడ మంచిదైపోయేది, మేమూ మంచివాళ్ళమైపోయేవాళ్ళం. ఆ రెండు నెలలకీ ఈ మెడికల్‌కీ మధ్య నెలలు నేను కూడా మనసులో లెక్కవేస్తున్నాను.

"మొగుడి వల్లయితే అన్నం తింటారా, కాకపోతే తినరా?" అంది ఆవిడ.

ఆంటీ చేతి తొడుగులు లాగి బిగించుకుంది.

"ఏవండీ, అడుగుతున్నాను. మొగుడి వల్లొస్తే గరిటె లోపలుంటదా? ఇంకోడి వల్లొస్తే చెత్తలో ఉంటదా? గరిటెకి తెలుస్తదా?"

"అలా మాట్లాడితే ఎవరేం చేస్తారు" అని ఆంటీ మొహం తిప్పుకుంది.

"ఏం చెయ్యొద్దు. ఎవరి వల్లో చెప్పను. అది నాది."

భుజాన ఉన్న సంచీ సర్దుకుని మెట్ల వైపు తిరిగింది. నేను రెండడుగులు వెనక వెళ్ళి, "రేపు పరీక్షకి నేను వస్తానక్కా" అన్నాను. తిరగలేదు. "నువ్వు రాకు" అంది.

ఆ పూట షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న కంపెనీ క్యాంపుకు వెళ్ళిందని తర్వాత తెలిసింది. మర్నాడు రక్తం ఇచ్చింది. రెండోసారీ అదే ఫలితం వచ్చింది. ఇంక బయటికి వదల్లేదు. ఊరికి పంపేదాకా ఆసుపత్రిలోనే ఒక గదిలో ఉంచారట. నాలుగో రోజు ఎవరి ఫోన్ నుంచో నాకు చేసింది. నా నంబరు దరఖాస్తు కాగితం మీద ఉంది కదా.

"నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. కంపెనీ డ్రైవర్‌కి ఇచ్చి పంపు. ఇక్కడేవో కాయితాల మీద సంతకాలు పెట్టమంటన్నారు, ఎక్కడ పెట్టాలో కనపట్టం లేదు."

కళ్ళజోడు దిండు కింద ఉండేది. దిండు మూడో సంచిలో పోయింది. ఆ మాట చెప్పలేక సరేనన్నాను. రోలాలో కళ్ళద్దాల దుకాణానికి వెళితే, పవరెంత అని అడిగాడు. నాకు తెలియదు. నలభై దాటినవాళ్ళకి సాధారణంగా ఎంత ఉంటుందో అంత ఇమ్మన్నాను. డ్రైవర్‌కి ఇచ్చాను. అందిందో లేదో, అందినా కనపడిందో లేదో, నేను అడగలేదు. వారం తిరక్కుండానే ఆవిడని విమానం ఎక్కించారని మా కౌంటర్‌కి వచ్చిన రద్దు కాగితం వల్ల తెలిసింది. అది నేనే టైపు చేశాను.

తర్వాతి ఏడాదిన్నరలో మా అయిదుగురికీ ఒకరి తర్వాత ఒకరికి మెడికల్ వచ్చింది. ప్రతి ఒక్కరం సూది గుచ్చినప్పుడు ఆవిడనే తిట్టుకున్నాం. అయిదుగురమూ పాసయ్యాం. విజయ పాసయినప్పుడు ఆంటీ కేసరి చేసింది. ఆవిడ చేతి కూడు మూడేళ్ళు తిన్నా మాకేమీ కాలేదన్న మాట ఒక్కరి నోటా రాలేదు. అందరం కేసరి బాగుందనే అన్నాం.

రెండేళ్ళ తర్వాత సెలవు మీద రాజమండ్రి వెళ్ళినప్పుడు, అమ్మకి స్నేహితురాలి పెళ్ళని చెప్పి అమలాపురం బస్సెక్కాను. సెంటర్ ఫైల్లో ఉన్న పాస్‌పోర్టు కాపీలోంచి అడ్రసు రాసుకున్నాను. అదీ తప్పే. బస్సులో అంతా ఒకటే అనుకున్నాను. వెళ్తాను, తప్పయిందంటాను, ఆకలేస్తోంది అక్కా అంటాను. ఆవిడ పెడుతుంది. తింటాను. ఆవిడ కళ్ళ ముందే పళ్ళెం ఖాళీ చేస్తాను.

బక్కచిక్కి మంచాన పడి ఉంటుందనుకున్నాను. అలా ఊహించుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. గోదావరి లంకలో ఆ ఇంటి వాకిట్లో ఆవిడ గునపం మీద కొబ్బరికాయలు వలుస్తోంది. వొళ్ళు చేసింది. చేతులు మగవాడి చేతుల్లా గట్టిపడ్డాయి. నన్ను చూసి కాయ దించలేదు.

"ఎందుకొచ్చావ్?"

"చూద్దామని అక్కా."

"చూశావుగా. బతికే ఉన్నాను."

పక్కన రాయి మీద కూర్చోబోతే, "కూర్చోమన్లేదు" అంది. నిలబడ్డాను.

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"మాత్రేసుకుంటే బానే ఉంటాది. నెలకోసారి పెద్దాసుపత్రికి ఎల్లి తెచ్చుకుంటాను. అక్కడ లైన్లో ఎవరి మొహం ఎవరం చూసుకోం. అంతే."

"మరి ఈ పని... వంట పనికి వెళ్ళకూడదా? నీ చేతి వంట..."

ఆవిడ కాయని గునపానికి గుచ్చి ఒక్క విసురుతో డొక్క చీల్చింది. "నా చేతి వంట ఎవడు తింటాడు? బడిలో పిల్లలకి వండే పనికి ఎళ్తే రెండో రోజే తీసేశారు. కబురు నాకంటే ముందే దిగింది ఊళ్ళో. మీ ఆంటీకి మా ఊళ్ళో చుట్టాలున్నారు, తెలవదా నీకు? కొబ్బరికాయకైతే డొక్కుంటాది, పెంకుంటాది. నా చెయ్యి తగిలినా ఎవడికీ ఏం కాదు. అందుకిచ్చారు ఈ పని."

"అక్కా, ఆ రోజు విజయకి చెప్పింది నేనే."

"తెలుసు."

"తప్పయిపోయింది."

ఆవిడ నాలుగు కాయలు వలిచేదాకా నేను అలాగే నిలబడ్డాను. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంట్లోంచి పులుసు వాసన వస్తోంది. ఇంక ఆగలేక, బస్సులో అనుకున్న మాట అనేశాను.

"ఆకలేస్తోందక్కా. కాస్త అన్నం పెడతావా?"

అప్పుడు చెయ్యి ఆపింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, నన్ను కింద నుంచి పై దాకా చూసింది. ఆ చూపుతో నేను దొరికిపోయాను.

"తిని కడుక్కుందామని వచ్చావా?" అంది. గొంతు పెంచలేదు. "మూడేళ్ళు వండాను. రోగమొస్తే పక్కన కూర్చుని తాగించాను. అప్పుడు తిన్నది తిన్నావు. ఇప్పుడు నా ఇంట్లో ముద్ద తినేసి, బస్సెక్కి, నేను మంచిదాన్నే అనుకుంటా పోదామనా? నా అన్నం దానికి కాదు. ఆకలేస్తే బస్టాండులో హోటలుంది. ఎళ్ళు."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను వాకిలి దాటాను. దడి అవతల కొళాయి దగ్గర బిందె పెట్టుకుని ఒకావిడ అంతా చూస్తోంది. "మీరు ఆవిడకేమవుతారండీ?" అని అడిగింది. "ఆవిడింటికి చుట్టాలెవరూ రారండి. అందుకని అడిగాను."

షార్జాలో ఆ గుమ్మం దగ్గర రాని గొంతు నాకు అప్పుడు వచ్చింది. లోపలికి వినపడేలా, వీధిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాను. "షార్జాలో మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నామండీ. ఆవిడ చేతి అన్నమే తిన్నాను. నాకేం కాలేదు."

తలుపు తెరుచుకుంది. ఆవిడ గడప మీద నిలబడి, నన్ను కాదు, కొళాయి దగ్గరున్నావిడని చూస్తూ అంది.

"ఆవిడెవరో నాకు తెల్దు వదినా. అడ్రసు తప్పొచ్చింది. వంతెన కాడ ఆటోలుంటాయని చెప్పి పంపెయ్."

కొళాయి దగ్గరావిడ బిందె వదిలేసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తెలీదంటంది ఏంటండీ?" అని నన్నే అడిగింది.

"అవునండీ, తప్పొచ్చాను" అన్నాను.